అంతఃపుర గ్రామసింహం

1861వ సంవత్సరంలో విక్టోరియా రాణిగారి కొలువుకు ఒక చిన్నకుక్క కానుకగా చేరింది. చైనా యుద్ధంనుంచి తిరిగివచ్చిన ఒక సైనికోద్యోగి దానిని సమర్పించాడు. ఆ కుక్కకు పెట్టిన పేరు "లూటీ". తెలుగు పాఠకునికి ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. దండులు ఊళ్ళమీద పడి దొరికినది దొరికినట్లు ఊడ్చుకొనిపోవడాన్ని మన పెద్దలు లూటీ అనే అనేవారు. సంస్కృతంలోని లుంఠన శబ్దంతో చుట్టరికమున్న ఈ పదం హిందూస్థానీలోనుంచి కుంఫిణీ దొరల నోటబడి, క్రమంగా ఇంగ్లీషు నిఘంటువుల కెక్కింది. దోపిడిలో దొరికిన ప్రాణికి దోపిడి అని పేరుపెట్టి ముద్దు చేయడంలో ఆ కాలపు రాజపరివారానికి ఎబ్బెట్టు ఏమీ తోచలేదు. అసలు ఆ కుక్క ఎవరిది, ఎక్కడిది, దాని వంశమెట్టిది అని విచారించబోతే, ఒక చిన్న జంతువు వెంట రెండు సామ్రాజ్యాల కథ కదలివస్తుంది.

ఆ జాతిని నేడు పెకినీస్ అంటారు. పీకింగు నగరపుది అని ఆ పేరుకు అర్థం. ఆ నగరాన్ని ఇప్పుడు బీజింగు అంటున్నాము. పట్నాలలో కొన్ని ఇండ్లలో ఈ కుక్క కనిపించినా, మన పల్లెలలో దీనిని చూచినవారు అరుదు. ఎత్తు జానెడు కంటె ఎక్కువ ఉండదు. బరువు సుమారు అయిదు కిలోలు. ముందుకాళ్ళు పొట్టిగా, కొంచెము వంకరగా ఉంటాయి. రొమ్ము వెడల్పు, నడుము సన్నము. మెడచుట్టూ జూలు, తోకమీద వింజామరవంటి కుచ్చు. ముఖం చపటగా, కన్నులు పెద్దవిగా గుండ్రంగా ఉంటాయి. నడిచేటప్పుడు నిండు గర్భిణివలె అటునిటు ఊగుతూ నడుస్తుంది. స్వభావంలో మాత్రం ఇది ఒడికుక్క కాదు. పిలిస్తే పరుగెత్తుకొని రావడం, తోక ఆడించి బతిమాలడం దీని నైజంలో తక్కువ. తన కిష్టమైతేనే లేచి వస్తుంది. తనకంటె పదింతలు పెద్దదైన వేటకుక్క ఎదురైనా వెనుదీయదని పెంచినవారు చెబుతారు.

మన భాషలో కుక్కను గ్రామసింహం అనడం కలదు. ఊరి పొలిమేరలో మొరగడమే కాని అడవిలో దాని పప్పులుడకవనే వెటకారం ఆ మాటలో దాగి ఉన్నది. చీనావారు ఈ కుక్కను "షిచ్జిగో" అన్నారు. సింహపుకుక్క అని దానికి అర్థం. అయితే వారి మాటలో వెటకారం లేదు, భక్తి ఉన్నది. ఆ భక్తికి మూలం మన దేశంలోనే కనబడడం విశేషం.

చైనాలో సింహాలు లేవు. పులులున్నాయి, చిరుతలున్నాయి, సింహం మాత్రం ఆ నేలమీద పుట్టలేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో పశ్చిమ రాజ్యాలవారు హాన్ చక్రవర్తుల ఆస్థానానికి కానుకగా పంపిన సింహాలను గురించి చరిత్రకారులు వ్రాశారు. అటువంటి కానుకలు తరానికొకటి వస్తే గొప్ప. సామాన్యజనులు దానిని చూచింది లేదు. కాని ఆ శతాబ్దుల్లోనే బౌద్ధధర్మం మధ్య ఆసియా బాటలవెంట చైనాకు చేరుతూ వచ్చింది. బుద్ధుడు శాక్యసింహుడు, ఆయన బోధ సింహనాదం, మంజుశ్రీ బోధిసత్త్వునికి సింహమే వాహనం. ఆ విధంగా చూడని జంతువుకు పూజ్యత కలిగింది. చూడని జంతువును రాతిలో చెక్కవలసివచ్చిన చీనాశిల్పులు ఇంటిలో మసలే కుక్కను మాదిరిగా తీసికొని దానికి ఉంగరాల జూలు తగిలించారు. దేవాలయాల ముందు, రాజద్వారాల ముందు కూర్చున్న ఆ రాతిసింహాలను చూస్తే కుక్కలేమో అనిపించడానికి కారణమిదే. తరువాత కథ తలక్రిందులైంది. కుక్కను చూచి సింహాన్ని చెక్కిన శిల్పాన్ని మళ్ళీ ఆదర్శంగా పెట్టుకొని, ఆ శిల్పానికి సరిపోలే కుక్కలను పుట్టించడానికి రాజభవనంలో పూనుకొన్నారు. బొమ్మను చూచి ప్రాణిని దిద్దిన ఉదాహరణ చరిత్రలో ఇంతకంటె స్పష్టమైనది నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ఈ బంధుత్వాన్ని సమర్థించే జానపద గాథ ఒకటి ప్రచారంలో ఉన్నది. ఒక సింహం చిన్న కోతిపిల్లను ప్రేమించిందట. పరిమాణంలో పొంతన కుదరక దుఃఖపడి బుద్ధభగవానుని శరణుజొచ్చింది. ఆయన కరుణించి సింహదేహాన్ని కుదించి, దాని పరాక్రమాన్ని మాత్రం తగ్గించకుండా ఉంచాడు. ఆ దంపతుల సంతతే ఈ కుక్క. జూలు, రొమ్ము, తెగువ తండ్రివైపు; చపట ముఖం, పెద్ద కన్నులు తల్లివైపు. మంజుశ్రీ వెంట ఒక చిన్నకుక్క తిరిగేదనీ, అవసరమైనప్పుడు అది సింహమై ఆయనను మోసేదనీ మరొక గాథ. 1644 మొదలు చైనాను ఏలిన మంచూ చక్రవర్తులను మంజుశ్రీ అవతారాలుగా టిబెట్టు లామాలు కీర్తించేవారు. మంచూల కాలంలో సింహపుకుక్కకు ఎనలేని మన్నన కలగడంలో ఈ నమ్మకానికి కూడ పాలున్నదని తలచవచ్చును.

గాథలు విడిచి గ్రంథాలలోనికి వస్తే, తాంగ్ వంశ చరిత్రలో ఒక ఆసక్తికరమైన ఉల్లేఖం ఉన్నది. 624వ సంవత్సరంలో, నేటి సిన్‌కియాంగు ప్రాంతంలోని కావోచాంగు రాజు ఒక కుక్కల జంటను చక్రవర్తికి పంపాడు. అవి ఆరంగుళాల ఎత్తు, అడుగుకు కొంచెము ఎక్కువ పొడవు. గుర్రపు కళ్ళెం నోట కరచుకొని దానిని నడిపించేవి; వెలుగుతున్న కొవ్వొత్తిని నోట పట్టుకొని నిలిచేవి. అవి "ఫూలిన్" దేశపువని వ్రాశారు. బైజాంటైన్ రాజ్యానికి చీనావారు పెట్టుకొన్న పేరది. అనగా చైనా అంతఃపురానికి ఎక్కిన మురిపెపుకుక్కలలో కొన్నయినా పట్టుమార్గం వెంట ఒంటెలమీద ప్రయాణం చేసివచ్చిన విదేశీయులన్నమాట.

అదే వంశంలో షువాన్‌త్సుంగు చక్రవర్తి 712 నుంచి 756 వరకు పాలించాడు. ఆయన ప్రియురాలు యాంగ్ క్వేఫే పేరు చీనా కవులకు కంఠపాఠం. తొమ్మిదవ శతాబ్దిలో త్వాన్ చంగ్‌షి అనే గ్రంథకర్త ఒక వేసవినాటి ముచ్చట చెప్పాడు. చక్రవర్తి ఒక రాజబంధువుతో బల్లమీద పావులాట ఆడుతున్నాడు. వీణవంటి వాద్యం వాయించే విద్వాంసుడొకడు పక్కన ఉన్నాడు. క్వేఫే నిలుచుండి చూస్తున్నది. ప్రభువు ఓటమి అంచున పడ్డాడు. ఆమె ఒడిలో సమర్కందు దేశంనుంచి కానుకగా వచ్చిన చిట్టికుక్క ఉన్నది. మెల్లగా దానిని బల్లదగ్గర వదలింది. అది ఎగిరి బల్లమీదికి దూకి పావులన్నీ చెల్లాచెదరు చేసింది. చక్రవర్తి ఎంతో సంతోషించాడట. గెలిచే పావులు చెదరిపోయిన ఆ రాజబంధువు ఏమనుకొన్నదీ గ్రంథకర్త వ్రాయలేదు. చైనాలోని లియావోనింగ్ ప్రదర్శనశాలలో ఝౌ ఫాంగ్ గీచినదిగా చెప్పే పటమొకటి ఉన్నది. తలలో పూవులు తురుముకొన్న అంతఃపుర కాంతలు, వారి నడుమ ఆడుకొంటున్న చిన్నకుక్కలు. ఆ కుక్కల ముఖం చూచినవారికి క్వేఫే కథ కళ్ళకు కట్టుతుంది.

సుంగు వంశంలో రెండవ చక్రవర్తి తాయ్‌త్సుంగు పెంచుకొన్న కుక్క పేరు పీచుపువ్వు. ఆయన కొలువుకు పోయేటప్పుడు అది ముందు నడిచి మొరిగి రాక తెలిపేదట. ఆయన 997లో గతించాడు. కుక్క అన్నం ముట్టడం మానింది. కొత్త చక్రవర్తి దానిని సమాధికి పోయే ఊరేగింపులో చేర్చగా, సమాధిదగ్గరనే అది కన్నుమూసింది. ఆ కుక్కను దేశచరిత్రలోనికి ఎక్కించవలసినదని కోరుతూ లీ ఝి అనే ఉద్యోగి చరిత్రకారునికి ఒక పద్యకృతి పంపాడు. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడచిన శునకాన్ని ఎరిగిన మనకు ఈ కథ పరాయిదిగా తోచదు.

ఇంతవరకు చెప్పినవన్నీ పెకినీసు కుక్కలేనా అని విద్యార్థులు అడుగవచ్చును. కాదనే చెప్పాలి. కుక్కల పుస్తకాలు వ్రాసేవారు కొందరు ఈ జాతి వయస్సు రెండువేల ఏండ్లని, ఇంకొందరు నాలుగువేలని లెక్కకట్టుతారు. అవి వంశాభిమానంతో వ్రాసుకొనే లెక్కలు. పొట్టికుక్కలను ఒడిలో పెట్టుకొనే ఆచారం చైనా రాజభవనంలో అతిప్రాచీనమనడానికి సందేహం లేదు. కాని ఫూలిన్ కుక్క, సమర్కందు కుక్క, సుచ్వాన్ ప్రాంతపు పీచుపువ్వు ఒకే పోలికలో ఉన్నవని అనడానికి ఆధారం చాలదు. పెకినీసు, పగ్, టిబెట్టు సంపర్కంతో రూపొందిన షీట్జూ, జపానుకు చేరిన చిన్ ఈ నాలుగూ ఒకే చుట్టరికపు గూటివి. వాటి రూపాలు విడివిడిగా నిలదొక్కుకొన్నది తరువాతి శతాబ్దులలో, ముఖ్యంగా మంచూల కాలంలో.

మంచూల రాజభవనంలో కుక్కల పోషణభారం అంతఃపుర పరిచారకులైన నపుంసకులది. ఎవరి చేతిలో పుట్టిన కుక్క ప్రభువుల మెప్పు పొందితే వారికి బహుమానం, పలుకుబడి. మెచ్చిన కుక్కల రూపాలను చిత్రకారులచేత వ్రాయించి ఉంచేవారు. పుట్టబోయే పిల్లలకు అవే ఒరవడి. నుదుట తెల్లమచ్చ శుభలక్షణం. చక్రవర్తి వంశపు పసుపువన్నెకు దగ్గరైన రంగులకు గిరాకీ. మరీ చిన్నవి "చేతి గౌసు కుక్కలు". చీనా ఉడుపుల వెడల్పు చేతులలో వాటిని దాచుకొని తిరిగేవారు. ఇంతటి పొట్టితనం కోసం కొందరు పెంపకందార్లు చేసిన పనులు వినసొంపుగా ఉండవు. పిల్లలకు ఆహారం తగ్గించడం, కదలకుండ పంజరాలలో బిగించడం, లేత ముక్కును వేలితో నొక్కి అణచడం. పీకింగులో నివసించి 1921లో చీనా, జపాను కుక్కలపై పెద్ద గ్రంథం వెలువరించిన కాలియర్ అనే ఆంగ్లేయుడు ఇటువంటి పద్ధతులను పేర్కొన్నాడు. ఈ కుక్కను దొంగిలించినవానికి మరణశిక్ష అని తరచు చదువుతాము. రాజభవనపు సొత్తు ఏది దొంగిలించినా శిక్ష కఠినమే కదా. కుక్కకోసం ప్రత్యేక శాసనమున్నదని నేను నమ్మలేకున్నాను.

ఇక 1860. రెండవ నల్లమందు యుద్ధం ముగింపుకు వచ్చిన సంవత్సరం. ఆ నల్లమందు పండినది మన దేశపు పొలాలలోనే. పాట్నా, గాజీపూరు కోఠీలలో తయారైన పెట్టెలు కలకత్తా రేవులో వేలమై చైనా తీరానికి చేరేవి. వద్దన్న చైనామీద వర్తకం రుద్దడానికి ఇంగ్లండు, ఫ్రాన్సు సేనలు బయలుదేరాయి. ఆ సేనలో భారతీయ సిపాయిలు అసంఖ్యాకులు. సిక్కు రౌతులు, పంజాబు పదాతులు వారిలో ఉన్నారు. తెలుగు, తమిళ యువకులను చేర్చుకొనే మద్రాసు శాపర్ల దళం కూడ ఉన్నది. టాకూ కోటలు, పీకింగు 1860 అనే యుద్ధబిరుదులు ఆ దళానికి దక్కాయి. గోదావరి, కావేరి తీరాలనుంచి పోయిన సిపాయిల బూట్లు పీకింగు పొలిమేరలు తొక్కినవన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది.

పీకింగుకు వాయవ్యంగా యువాన్‌మింగ్‌యువాన్ అనే ఉద్యానభవన సముదాయం ఉండేది. పాశ్చాత్యులు దానినే వేసవి మహలు అన్నారు. సరస్సులు, వంతెనలు, వందలకొలది మందిరాలు, గ్రంథాలయాలు, తరతరాల కళాఖండాలు అక్కడ ఉండేవి. సెప్టెంబరు 18వ తేదీన సంధి మాటలకు వెళ్ళిన ఆంగ్ల, ఫ్రెంచి బృందాన్ని చీనావారు నిర్బంధించారు. వారిలో పలువురు చిత్రహింసలపాలై మరణించారు. చనిపోయినవారిలో సిక్కు రౌతులు ఉన్నారు. షియన్‌ఫంగ్ చక్రవర్తి పరివారంతో ఉత్తరానికి పారిపోయాడు. అక్టోబరు 6న ఫ్రెంచివారు మహలు చేరారు, వెంటనే ఆంగ్లేయులు. తరువాత కొన్నిదినాలు దోపిడి. నెల 18వ తేదీన, బందీల మరణానికి ప్రతీకారంగా, లార్డ్ ఎల్గిన్ ఆజ్ఞపై ఆంగ్లసేన ఆ భవనాలకు నిప్పుపెట్టింది. దేవదారు దూలాలు రోజులతరబడి కాలి పొగ పీకింగు వీథులను కప్పింది. ఒక బందిపోటు దోచాడు, మరొకడు తగులబెట్టాడు అని మరుసటి ఏడు ఒక లేఖలో ఈసడించినవాడు ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగో.

ఈ ఎల్గిన్ మనకు తెలియనివాడు కాడు. ఏథెన్సులోని పార్థినాన్ శిల్పాలను ఊడదీసి ఇంగ్లండుకు తరలించినది ఇతని తండ్రి. 1857లో చైనాకు పోతున్న సేనను దారిమళ్ళించి మన సిపాయిల తిరుగుబాటుమీదికి పంపినది ఇతడు. 1862లో భారతదేశానికి రాజప్రతినిధి అయి, మరుసటి ఏడు ధర్మశాలలో చనిపోయాడు. సమాధి అక్కడి కొండచర్చి ఆవరణలో ఉన్నది. ఇతని కుమారుడు కూడ 1894లో ఇక్కడికే రాజప్రతినిధిగా వచ్చాడు.

ఆ దోపిడినాటి మహలులోనే అయిదు చిన్నకుక్కలు దొరికాయి. చక్రవర్తి మేనత్త శత్రువులకు చిక్కరాదని ప్రాణం తీసుకొన్నదనీ, ఆమె శవం చుట్టూ ఈ కుక్కలు కావలి కూర్చున్నవనీ కుక్కల చరిత్రలలో వ్రాస్తారు. కథకు అలంకారం ఎక్కువ. ఎంతవరకు నమ్మాలో పాఠకులే నిర్ణయించుకొందురుగాక. కుక్కలు మాత్రం నిజం. నౌకాధికారి లార్డ్ జాన్ హే రెండింటిని తీసికొన్నాడు. ఒకదానిని వెల్లింగ్టన్ డచెస్ అయిన తన సోదరికి ఇచ్చాడు. ఫిట్జ్‌రాయ్ అనే మరొక అధికారి రెండింటిని తన బంధువైన రిచ్మండ్ డచెస్‌కు ఇచ్చాడు. గుడ్‌వుడ్ భవనంలో ఆ సంతతి ఎన్నో ఏండ్లు వర్ధిల్లింది. అయిదవదానిని పట్టినవాడు 99వ పటాలపు కెప్టెన్ డన్. అతడు కలకత్తానుంచి చైనాకు పోయినవాడు. 1861లో అచ్చయిన అతని దినచర్య పుస్తకం పేరే "కలకత్తా నుంచి పీకింగుకు". మెడలో వెండిగజ్జెలు కట్టిన ఆ కుక్కపిల్లను గురించి అందులో మురిసిపోతూ వ్రాశాడు. అదే లూటీ.

లూటీని రాజాజ్ఞపై కీల్ అనే చిత్రకారుడు 1861లో చిత్రించాడు. 1865లో బాంబ్రిడ్జి అనే ఛాయాగ్రాహకుడు ఫొటో తీశాడు. ఈ రెండూ ఇప్పటికీ ఇంగ్లండు రాజుగారి సేకరణలో ఉన్నాయి. అది 1872లో చనిపోయింది. ఆ ఫొటో ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చూపదగినది. ఎందుకన్నది ముందు చెబుతాను.

1860లో చక్రవర్తితోపాటు పారిపోయినవారిలో పాతికేండ్ల ఉపరాణి ఒకతె ఉన్నది. ఆమెయే తరువాత నలుబదియేడేండ్లు చైనాను తెరవెనుకనుంచి ఏలిన త్సిషీ మహారాణి. కాలిపోయిన ఇంటినుంచి శత్రువులు ఎత్తుకొనిపోయిన కుక్కల జాతిని ఆమె వదలలేదు. 1903లో ఆమె చిత్రపటం వ్రాయడానికి కాథరిన్ కార్ల్ అనే అమెరికా చిత్రకారిణి అంతఃపురంలో నెలలతరబడి ఉండి, చూచినవన్నీ గ్రంథంగా వ్రాసింది. కుక్కలకొక మండపం, పాలరాతి నేల, పట్టుమెత్తలు, కాపలాకు నపుంసకులు. మహారాణి దర్శనానికి వస్తే కుక్కలన్నీ ఆమెను ముంచెత్తేవి. కార్ల్ చెప్పిన ఒక సంగతి నాకు ముఖ్యంగా తోచింది: చేతి గౌసులో పట్టేటంతగా కుక్కలను గిడసబార్చడం మహారాణికి గిట్టేది కాదు. సాటి మనుషులయెడల ఆమె దయ ఎంతటిదో చరిత్ర ఎరుగును. కుక్కలయెడల మాత్రం ఆమె మనస్సు మెత్తన. ఈ జాతికి ఉండవలసిన లక్షణాలను వర్ణిస్తూ ఆమె రచించినదని ఒక కృతి ఇంగ్లీషు పుస్తకాలలో తిరుగుతున్నది. దాని వాసన చూస్తే చీనా అంతఃపురానిది కాదు, ఆంగ్లేయుల విడిదిగదిది అనిపిస్తుంది.

1905లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు కుమార్తె ఆలిస్ పీకింగు వచ్చినప్పుడు త్సిషీ ఆమెకు ఒక నల్లని కుక్కపిల్లను బహూకరించింది. ఆలిస్ దానికి మంచూ అని పేరుపెట్టుకొన్నది. దోచుకొనిపోయినవాటికి, చేతులార ఇచ్చినదానికి గల తేడా ఈ రెండు పేర్లలోనే కనబడుతుంది. 1908 నవంబరులో మహారాణి మరణించినప్పుడు ఆమె ప్రియమైన కుక్కను శవపేటిక ముందు నడిపించారని చెప్పుకొంటారు. సుంగు చక్రవర్తి పీచుపువ్వు కథకు ఇది ప్రతిధ్వనివలె ఉన్నది.

ఇంగ్లండులో ఈ లోపల పెకినీసుల సంఖ్య పెరిగింది. 1894లో చెస్టరు ప్రదర్శనలో పెకిన్ పీటర్ అనే కుక్క కనిపించింది. 1896లో ఆ కమ్, మిమోసా అనే జంట చేరింది. నేటి పాశ్చాత్య పెకినీసులలో చాలవాటికి ఆ కమ్ మూలపురుషుడు. దాని చర్మాన్ని పూరించి ట్రింగ్‌లోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో నిలిపారు. 1898లో కెన్నెల్ క్లబ్బు, 1906లో అమెరికాలోని సాటి సంస్థ ఈ జాతిని గుర్తించాయి. ఆ దినాలలో దీని ప్రతిష్ఠ ఎంతటిదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలును. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మునిగినప్పుడు పదిహేనువందలమంది మనుష్యులు జలసమాధి అయినారు. ప్రాణాలతో బయటపడ్డ కుక్కలు మూడు. వాటిలో ఒకటి హార్పర్ దంపతుల పెకినీసు. దాని పేరు సన్ యాట్ సేన్. మంచూ వంశాన్ని కూలదోసి ఆ జనవరిలోనే చైనా గణతంత్రానికి తొలి అధ్యక్షుడైన మహానాయకుని పేరు అంతఃపురపు కుక్కకు తగిలింది.

ఇటీవలి శాస్త్రజ్ఞులు ఈ వంశవృక్షాన్ని మరొక దారిలో పరిశీలించారు. 2004లో "సైన్స్" పత్రికలో వెలువడిన పరిశోధనలో 85 జాతులకు చెందిన 414 కుక్కల జన్యువులను పోల్చి చూచారు. తక్కిన జాతులకు దూరంగా, తోడేలుకు దగ్గరగా తేలిన కొద్ది జాతులలో పెకినీసు ఒకటి. తోడేలుతో ఏ పోలికా లేని ఈ ఒడిప్రాణి పుట్టుకలో ప్రాచీనమని తేలడం వింతయే. 2009లో మరొక సంగతి బయటపడింది. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు కుక్కల వంశంలో ఏనాడో ఒకసారి పొరపాటున రెండవ నకలుగా ఏర్పడినది. ఆ నకలు ఉన్నచోట కాళ్ళ ఎముకలు పొట్టిగా నిలిచిపోతాయి. డాక్స్‌హుండ్, కోర్గీ, బాసెట్, పెకినీసు వీటన్నింటి పొట్టికాళ్ళకు కారణం అదే. పంజరంలో బిగించినంత మాత్రాన ఆ కుక్కకు పుట్టే పిల్లకు పొట్టితనం రాదు. అంతఃపురపు పెంపకందార్లు ఫలితం పొందినది ముక్కు నొక్కినందువల్ల కాదు. తరతరానికి ఏ కుక్కను ఏ కుక్కతో జతపరచాలో ఎన్నుకొన్నందువల్ల.

ఆ ఎన్నికయే ఇరవయ్యవ శతాబ్దిలో శ్రుతిమించింది. లూటీ ఫొటోను చూడమన్నది ఇందుకే. అందులోని కుక్కకు ముక్కు ఉన్నది. పొట్టిదే గాని స్పష్టంగా ముందుకు వచ్చిన ముక్కు. బొచ్చు కూడ మితమే. ప్రదర్శనలలో బహుమతులకోసం ఆ ముక్కును తరం తరానికి లోపలికి నెట్టుతూ వచ్చారు. బొచ్చును నేలకు జీరాడేటట్లు పెంచారు. పుఱ్ఱె కుదించుకొన్నా లోపలి మెత్తని అంగిలి కుదించుకొనలేదు. అది గాలిదారికి అడ్డుపడుతుంది. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని ఒంటివేడిని దించే ప్రధానసాధనం. ఆ రొప్పుకే దారి ఇరుకైతే ఎండాకాలం ప్రాణాంతకం. నిస్సారమైన గూళ్ళలో ఉన్న కన్నులు చిన్న దెబ్బకే బయటికి వస్తాయి. తల పెద్దది కావడంచేత ప్రసవంలో శస్త్రచికిత్స తరచు అవసరమవుతుంది. 2008లో బి.బి.సి. ప్రసారం చేసిన ఒక చిత్రం ఈ బాధలను ప్రజల ముందుంచగా పెద్ద గగ్గోలు పుట్టింది. అదే సంవత్సరం అక్టోబరులో కెన్నెల్ క్లబ్బు పెకినీసు లక్షణనిర్ణయాన్ని సవరించి, మూతి స్పష్టంగా కనబడవలెనని వ్రాసింది. బెజవాడ, రామగుండం ఎండలలో ఇటువంటి కుక్కను కొని పెంచదలచినవారు బొమ్మ చూచి కాక, దాని ఊపిరి చప్పుడు విని నిర్ణయించుకోవడం మేలు.

పుట్టింటిలో ఈ జాతి పడ్డ పాట్లు వేరు. మంచూ సామ్రాజ్యం పోయింది. 1924లో చివరి చక్రవర్తి పూయీని రాజభవనంనుంచి వెళ్ళగొట్టారు. కొత్తతరానికి ఈ కుక్క పాతకుళ్ళుకు గుర్తుగా కనిపించింది. 1925 డిసెంబరులో లూషున్ మహారచయిత వ్రాసిన సుప్రసిద్ధ వ్యాసంలో ఈ మురిపెపుకుక్కనే ఎత్తిచూపాడు. కుక్క అయికూడ పిల్లివలె నంగనాచితనం చూపుతూ, ధనికుల ఒడిలో ఇమిడి, అందరికీ మంచిగా ఉండే ఈ జంతువును ముందు నీళ్ళలోకి తోసి పిమ్మట కొట్టవలెనన్నాడు. ఆయన గురి కుక్కమీద కాదు, ప్రభువుల ప్రాపున బ్రతికే పండితులమీద. కాని ఆ మాట భాషలో నిలిచిపోయింది. చీనాభాషలో "హాబా కుక్క" అంటే నేటికీ ముఖస్తుతి చేసేవాడని అర్థం. ఎదురుతిరగడానికే పేరుపడ్డ జంతువుకు ఇది అన్యాయమే.

తరువాత చిరకాలం పీకింగులో కుక్కలను పెంచడం నిషిద్ధంగా ఉండినది. 1995 మే 1వ తేదీనుంచి నగరపాలకులు కట్టుదిట్టమైన షరతులతో అనుమతి ఇచ్చారు. నగరమధ్యంలో 35 సెంటీమీటర్లకు మించిన ఎత్తుగల కుక్క పనికిరాదు; మొదటి ఏటి రిజిస్టరు రుసుము 5,000 యువానులు. ఒక సామాన్య ఉద్యోగి కొన్ని నెలల జీతమది. 2003లో దానిని 1,000 యువానులకు తగ్గించారు. కొలబద్దకు సరిగ్గా సరిపోయిన దేశవాళీ జాతి ఒకటి సిద్ధంగా ఉన్నది. రాజధానిలోని ఇరుకు సందులలో, సాయంకాలపువేళ పింఛనుదారులైన ముసలివారి వెంట "జింగ్‌బా" అనే ముద్దుపేరుతో, గాజుకప్పిన పట్టుమెత్తలూ నపుంసకుల కాపలాలూ లేకుండ, అది మళ్ళీ ఊగుతూ నడవసాగింది.